శ్రీకాకుళంలో పసిపిల్లలతో: కాగితాల నుంచి ఆటస్థలాల దాకా

శ్రీకాకుళంలో చిన్నపిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలని ఎవరినైనా అడిగి చూడండి. "ఇక్కడేముందండీ, విశాఖ వెళ్లాల్సిందే" అంటారు. విశాఖలో జూ ఉంది, బీచ్ రోడ్డు ఉంది, కాదనను. కానీ ఏడాదిన్నర పిల్ల వంద కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి, దారిలో రెండుసార్లు కక్కుకుని, తీరా ఏనుగు దగ్గరికి వచ్చేసరికి భుజం మీద నిద్రపోతుంది. ఆ వయసుకి కావాల్సినవి వేరు. రోజూ కాసేపు కాళ్లూ చేతులూ ఆడించుకునే చోటు, నెలనెలా బరువు చూసే మనిషి, వేళకి టీకా, ఏదైనా తేడా కనిపిస్తే చూపించుకునే ఆసుపత్రి. ఇవన్నీ మన ఊళ్లోనే ఉన్నాయి. ఒక్కో సంగతి ఒక్కొక్కరి దగ్గర ఉండటం వల్ల మొదటిసారి తల్లిదండ్రులైనవాళ్లకి టెన్షన్ తప్పదు. ఆటస్థలాల విషయానికొస్తే, ఈ ఊళ్లో ఎక్కడికి వెళ్లాలన్న దానికంటే ఎన్నింటికి వెళ్లాలన్నదే ముందు తేల్చుకోవాలి. అదెందుకో దాని దగ్గరికి వచ్చాక చెబుతాను.

మొదటి అడుగు: కాగితాలు

దీన్ని ముందు పెట్టడానికి కారణం, మిగతావన్నీ దీని మీదే ఆగుతాయి. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ వివరాలు ఆసుపత్రివాళ్లే నమోదుకి పంపుతారు. పంపారో లేదో డిశ్చార్జి రోజే అడగండి. ఇంట్లో పుడితే మీరే చెప్పాలి. 21 రోజుల్లోపు రుసుము ఉండదు, ఆ తర్వాత ఆలస్య రుసుము, ఇంకా ఆలస్యమైతే అఫిడవిట్ల దాకా పోతుంది. బారసాల 21వ రోజున చేసే ఇళ్లవాళ్లకి గుర్తుపెట్టుకోవడం సులువు. పేరు ఇంకా ఖాయం కాలేదా, ఫరవాలేదు, పేరు లేకుండానే నమోదు చేయించి, ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఊళ్లో పుడితే నగరపాలక సంస్థ, పల్లెలో అయితే పంచాయతీ. తర్వాత కాపీలు మీసేవలో గానీ సచివాలయంలో గానీ తీసుకోవచ్చు.

సర్టిఫికెట్ చేతికొచ్చాక తల్లి పేరు, తండ్రి పేరు మీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్షరం అక్షరం చూసుకోండి. ఇంటిపేరు విడిగా రాయడం, కలిపి రాయడం, పొడి అక్షరాలతో సరిపెట్టడం, ఇవే తర్వాత బడిలో చేర్చేటప్పుడు ప్రాణం తీస్తాయి. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకి బడి చేరిక, పాస్‌పోర్టు లాంటి వాటన్నిటికీ పుట్టినతేదీ రుజువు ఈ కాగితమే.

దీంతోనే బాల ఆధార్ చేయించండి. ఐదేళ్లలోపు పిల్లలకి వేలిముద్రలు, కనుపాప తీసుకోరు, తల్లి గానీ తండ్రి గానీ తమ ఆధార్‌తో వెళ్లి వేలిముద్ర వేస్తే చాలు. కార్డు నీలం రంగులో వస్తుంది. ఐదేళ్లు నిండాక ఒకసారి, పదిహేనేళ్లకి మరోసారి పిల్లల బయోమెట్రిక్ ఇవ్వాలి.

గర్భంతో ఉన్నప్పుడే ఆశా కార్యకర్తతో ప్రధానమంత్రి మాతృవందన దరఖాస్తు పెట్టించుకున్నారా? అర్హత ఉన్నవాళ్లకి మొదటి కాన్పుకి 5,000 రూపాయలు రెండు విడతల్లో, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 ఒకేసారి, తల్లి ఖాతాలో పడతాయి. ఆ ఖాతాకి ఆధార్ అనుసంధానం అయి ఉండాలి. డబ్బు ఆగిపోయిందంటే ముందు అక్కడ చూడండి.

రెండో అడుగు: బుధవారం, శనివారం

మన రాష్ట్రంలో టీకాల రోజులు బుధ, శనివారాలు. ఆరోగ్య కేంద్రంలోనో, ఉపకేంద్రంలోనో, అంగన్‌వాడీలోనో నర్సమ్మ వేస్తుంది. మీ వీధికి ఏ వారం ఎక్కడ అన్నది ఆశాకి తెలుస్తుంది. ఆశా నంబరు ఫోన్‌లో లేకపోతే ముందు అది తీసుకోండి. ఆసుపత్రిలో కాన్పయిన ఇంటికి ఆమె 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలి. రాకపోతే మొహమాటపడకుండా ఫోన్ చేసి పిలవండి.

పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి. తర్వాత 6, 10, 14 వారాలకి పెంటావాలెంట్ (అయిదు రోగాలకి కలిపి ఒకే సూది), పోలియో చుక్కలు, రోటావైరస్ చుక్కలు. వీటితోపాటు 6, 14 వారాలకి న్యుమోకోకల్, పోలియో ఇంజక్షన్లు, ఆ రెండూ మళ్లీ 9 నెలలకి. 9 నెలలు నిండగానే తట్టు-రుబెల్లా టీకా, విటమిన్ ఎ మొదటి మోతాదు. 16 నుంచి 24 నెలల మధ్య బూస్టర్లు, 5 నుంచి 6 ఏళ్ల మధ్య మరొకటి. ఇవన్నీ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. ప్రైవేటులో ఇదే పెంటావాలెంట్‌లో జ్వరం తక్కువ వచ్చే రకం దొరుకుతుంది, ఖరీదెక్కువ. రక్షణ కోసం అంత డబ్బు పెట్టక్కర్లేదన్నది నా అభిప్రాయం.

పెంటావాలెంట్ వేసిన రాత్రి పిల్లలు ఏడుస్తారు, తొడ కాస్త గట్టిపడుతుంది, ఒళ్లు వెచ్చబడుతుంది. బరువుని బట్టి పారాసిటమాల్ ఎంత వేయాలో అక్కడే నర్సమ్మని అడిగి కార్డు వెనక రాయించుకోండి. అర్ధరాత్రి చుక్కల మందు సీసా పట్టుకుని ఎవరికి ఫోన్ చేయాలా అని వెతుక్కునే పని తప్పుతుంది. సూది వేసినచోట నూనె రాయడం, కాపడం పెట్టడం వద్దు. తల్లిబిడ్డ రక్షణ కార్డుని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచండి. పుట్టింటికి టెక్కలో పలాసో వెళ్లినప్పుడు టీకా రోజు వస్తే, ఆ ఫొటో చూపించి అక్కడే వేయించుకోవచ్చు. ఊరు మారిందని డోసు ఆపొద్దు.

మూడో అడుగు: అంగన్‌వాడీ గడప తొక్కండి

ఉద్యోగస్తుల ఇళ్లలో అంగన్‌వాడీ అంటే చిన్నచూపు ఉంది. "అది మనకోసం కాదులే" అనుకుంటారు. అక్కడ పేరు నమోదు చేయించడానికి ఆదాయం అడ్డు కాదు. అక్కడిచ్చే తిండి సరుకు తీసుకుంటారో లేదో మీ ఇష్టం, నెలనెలా తూకం కోసమైనా వెళ్లండి.

వెళ్లినప్పుడు తూచి పంపించేస్తే ఊరుకోకండి. "టీచరమ్మా, మా గుంటడు పోయిన నెల ఎంత తూగేడు, ఈ నెల ఎంత తూగేడు?" అని అడగండి. బరువు ఎంత అన్నదానికంటే గీత పైకి వెళ్తోందా, అడ్డంగా సాగుతోందా అన్నది చూడాలి. మామూలుగా అయిదు నెలలకి పుట్టినప్పటి బరువుకి రెట్టింపు, ఏడాదికి మూడింతలు అవుతుంది. వరసగా రెండు నెలలు గీత కదలకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఆరు నెలలు దాటిన పిల్లలకి మోచేతి పైన జబ్బ చుట్టూ చుట్టే రంగుల టేపు కూడా టీచరమ్మ దగ్గర ఉంటుంది. 12.5 సెంటీమీటర్ల పైన పచ్చ, 11.5 కన్నా తగ్గితే ఎరుపు. ఎరుపు అంటే తీవ్రమైన పోషకలోపం, ఇంట్లో సర్దుకుంటుందిలే అనుకునే స్థితి కాదు.

ఆరు నెలలు దాటిన పిల్లలకి బాలామృతం ఇస్తారు. ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరూ పాకెట్ మీద బొమ్మా మారతాయి గానీ లోపలి పిండి అదే: వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, పంచదార, నూనె. మన తేమకి రెండు వారాలకే ఉండకడుతుంది. ఇంటికి తేగానే తేదీ చూసి, పొడి స్టీలు డబ్బాలో పోసి, తడి చెంచా పెట్టకుండా వాడండి. కాచిన వేడినీళ్లలో జావలా కలిపితే పిల్లలు బాగానే తింటారు.

దీనితోపాటు మన ఇళ్లలో ఎప్పట్నుంచో ఉన్న చోడిజావ, అంటే రాగిజావ. మొలకెత్తించి చేస్తే పసివాళ్లకి తేలిగ్గా అరుగుతుంది. చోళ్లు బాగా గాలించి రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంపి, తడిగుడ్డలో మూటకట్టి ఉంచండి. రోజున్నరకి తెల్లటి మొలకలు గుడ్డ పోగుల్లోంచి పొడుచుకుని బయటికొస్తాయి. మూట విప్పి నీడలో ఆరబెట్టి, కమ్మటి వాసన వచ్చేదాకా సన్నసెగ మీద వేయించి, మరపట్టించి, పలచటి గుడ్డలో జల్లెడ పట్టాలి. గుడ్డలో మిగిలిన పొట్టు పెద్దవాళ్ల అంబలిలోకి పనికొస్తుంది. ఆరు నెలలు నిండేదాకా మాత్రం తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దు. తేనె ఏడాదిలోపు వద్దేవద్దు, నాకించాలని పెద్దవాళ్లు పట్టుబట్టినా సరే. పలాస నుంచి చుట్టాలు తెచ్చిన జీడిపప్పు నాలుగైదేళ్లలోపు పిల్లల చేతికి పలుకులుగా ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడుతుంది. పొడి కొట్టి జావలో వేయండి.

మూడేళ్లు నిండాక అంగన్‌వాడీలో ఆటపాటలు, మధ్యాహ్నం భోజనం, గుడ్డు ఉంటాయి. చేర్చేముందు ఒకసారి పదింటి వేళకి చెప్పకుండా వెళ్లి చూడండి. పిల్లలు ఏం చేస్తున్నారో, మరుగుదొడ్డి తలుపు పడుతోందో, తాగునీళ్లు మూతపెట్టి ఉన్నాయో, వంట గట్టు పిల్లలకి అందనంత దూరంలో ఉందో. టీచర్ పిల్లల్ని పేరుపెట్టి పిలుస్తోందంటే సగం భరోసా దొరికినట్టే.

నాలుగో అడుగు: వేళ చూసి చోటు

ఇప్పుడు ఆటలు. మనది తూర్పు తీరం. మే నెలలో అయిదున్నరకే సూర్యుడొచ్చేస్తాడు, ఎనిమిదింటికల్లా ఇనుప జారుడుబల్ల కాలిపోతుంటుంది. డిసెంబర్‌లో సాయంత్రం అయిదున్నరకే చీకటి పడిపోతుంది, చీకటితోపాటే దోమలు. ఆఫీసు నుంచి ఆరింటికి వచ్చి పిల్లని పార్కుకి తీసుకెళ్దామంటే, వేసవిలో కుదురుతుంది, చలికాలంలో కుదరదు. అందుకే నా సలహా: ఏడాదంతా పొద్దున్న పూటనే పట్టుకోండి. వేసవిలో అయిదున్నర నుంచి ఏడు, చలికాలంలో ఏడు నుంచి ఎనిమిదిన్నర. పొద్దున్నే లేచే వయసు ఎలాగూ వాళ్లదే.

ఈ వేళకి ఊళ్లో మైదానాలు వాకింగ్ చేసేవాళ్లతో నిండి ఉంటాయి. అది మంచిదే, మనుషుల అలికిడి ఉంటే కుక్కలు గుంపుగా చేరవు. ఆర్ట్స్ కాలేజీ మైదానం, ఎన్టీఆర్ మున్సిపల్ హైస్కూల్ మైదానం పరుగెత్తే వయసు పిల్లలకి సరిపోతాయి. ఉయ్యాలలు ఉండవు. రెండేళ్ల పిల్లకి విశాలమైన నేల, ఒక బంతి, ఒక ఖాళీ డబ్బా చాలు. క్రికెట్ ఆడే కుర్రాళ్లున్నచోట మాత్రం అంచున ఉండండి, బంతి ఎటు వస్తుందో చెప్పలేం. కాస్త నీడ, కూర్చోవడానికి చోటు కావాలంటే శాంతినగర్ కాలనీలో గాంధీ మందిరం ఉన్న పార్కు నయం. ఆదివారం సాయంత్రాలు రద్దీగా ఉంటుంది, నడక నేర్చుకుంటున్న పిల్లలు పెద్దపిల్లల కాళ్లకి అడ్డం పడతారు. పనిరోజు వెళ్లండి.

మీ కాలనీలో ఉన్న చిన్న పార్కు గురించి నేను చెప్పలేను గానీ, దాన్ని ఎలా చూడాలో చెప్పగలను. పిల్లల్ని తీసుకెళ్లే ముందురోజు ఒక్కరే వెళ్లండి. ఉయ్యాల గొలుసు కొక్కేన్ని చేత్తో పట్టుకుని లాగి చూడండి. అరుగుదల పైన గొలుసు కడ్డీకి తగిలేచోట ఉంటుంది, కింద నుంచి కనిపించదు. జారుడుబల్ల అంచు మీద అరచేయి నిమిరితే తుప్పు రేకు లేచిందో లేదో తెలుస్తుంది. దిగేచోట మట్టి మెత్తగా ఉందా, సిమెంటు బయటపడిందా? ఇసుక ఉంటే కర్రతో కెలకండి, కుక్కలూ పిల్లులూ అక్కడే పని కానిస్తాయి. కాలువ మూతలు, వీధిదీపం స్తంభం దగ్గర వేలాడే వైర్లు, గోడ పక్కన పిచ్చిమొక్కలు. వానాకాలంలో ఆ పిచ్చిమొక్కల్లో పాములుంటాయి, ఊళ్లోవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. బాగు చేయాల్సింది ఉంటే ఫొటో తీసి వార్డు సచివాలయంలో రాతపూర్వకంగా ఇవ్వండి. నలుగురు తల్లులు సంతకం పెట్టి ఇస్తే కదలిక ఎక్కువ ఉంటుంది.

కుక్క కరిచినా, గీరినా, వెంటనే సబ్బుతో ధారగా పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. కడిగాక నేరుగా ప్రభుత్వాసుపత్రికి. టీకా అక్కడ ఉచితంగా వేస్తారు, గాయం లోతుగా ఉంటే గాయం చుట్టూ వేసే మందు కూడా అడగండి.

డబ్బులిచ్చి ఆడించే ప్లే జోన్లు ఊళ్లోకి వస్తున్నాయి, మూతపడుతున్నాయి కూడా. నెలల పాస్ ముందే కొనొద్దు. వెళ్తే పనిరోజు పొద్దున్న, అప్పుడే తుడిచి ఉంచుతారు. బంతుల గుంటలో చెయ్యి పెట్టి అడుగున ఏముందో చూడండి. మూడేళ్లలోపు వాళ్లకి వేరే చోటు ఉందా అని అడగండి, లేకపోతే డబ్బులు దండగ.

అయిదో అడుగు: ఇంటిపట్టునే

వానలు, వడగాడ్పులు, తుఫాను హెచ్చరికలు కలిపి చూస్తే ఏడాదిలో చాలా రోజులు బయటికి వెళ్లలేం. ఆ రోజుల్లో ఫోన్ చేతికిచ్చేస్తాం. రెండేళ్లలోపు పిల్లలకి తెర అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఏడాది దాటిన పిల్లలు రోజు మొత్తమ్మీద 3 గంటలైనా కదులుతూ ఉండాలని కూడా అందులోనే ఉంది. మూడు గంటలంటే కంగారుపడకండి, గడప దాటడం, పీట లాగడం, నాన్నమ్మ వెనకాల తిరగడం, అన్నీ లెక్కే. పాకని పసికందుల్ని మెలకువగా ఉన్నప్పుడు, మీరు పక్కనుండి, బోర్లా పడుకోబెట్టండి. రోజు మొత్తమ్మీద అరగంట చాలు.

వేసవిలో ముంజెలు కొన్నప్పుడు డొల్లలు పారేయకండి. రెండు డొల్లల మధ్య ఇరుసుగా ఓ పుల్ల గుచ్చి, కొసన పంగ ఉన్న కర్రతో ఆ ఇరుసుని నెడితే బండి. నడక వచ్చిన పిల్ల దాన్ని సాయంత్రం దాకా వదలదు. పుల్ల కొసలు డొల్ల బయటికి పొడుచుకు రాకుండా కోసేయండి. కొనే బొమ్మలైతే అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో చేసే లక్కబొమ్మలున్నాయి, సహజరంగులతో. పైసా ఖర్చు లేకుండా తెలుగు బొమ్మల కథలు కావాలంటే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో ఉన్నాయి. తెర మీద చూపించకుండా ప్రింటు తీయించి చదవండి. మూడేళ్లు దాటిన పిల్లల్ని జిల్లా కేంద్ర గ్రంథాలయానికి తీసుకెళ్లినా బావుంటుంది.

ఒక హెచ్చరిక. నీళ్లాట ఎంత ఇష్టమైనా బకెట్ దగ్గర ఒక్క నిమిషం వదలకండి. జానెడు నీళ్లున్న బకెట్‌లో తలకిందులుగా పడిన పిల్ల తనంతట తాను లేవలేదు.

ఆరో అడుగు: సెలవు రోజు ప్రయాణాలు

శ్రీకూర్మం నా మొదటి ఎంపిక. గుళ్లో పెంచే నక్షత్ర తాబేళ్లని చూస్తే పిల్లలు కదలరు. ముట్టుకోనివ్వకండి, ముట్టుకుంటే నోట్లో వేలు పెట్టకముందే సబ్బుతో కడిగించండి. అరసవల్లి దగ్గరే గానీ ఆదివారాలు, మాఘమాసం, ముఖ్యంగా రథసప్తమి పసిపిల్లలతో వద్దు. మంగళవారం లాంటి రోజు వెళితే మండపాల్లో పరిగెత్తే చోటు దొరుకుతుంది, పుష్కరిణి మెట్ల వైపు ఓ పెద్దవాళ్లు కాపలా ఉండాలి.

కళింగపట్నం బీచ్ ఇసుక కోసం. అక్కడ వంశధార సముద్రంలో కలుస్తుంది, లోపలికి లాగే నీరు. పిల్లల్ని తడి ఇసుక దాకానే పరిమితం చేయండి. నాగావళి ఒడ్డున కూడా అంతే: ఇసుక తవ్విన గోతులు పైకి కనిపించవు, ఎగువన వాన పడితే మన దగ్గర ఎండగా ఉన్నా నీరు పెరుగుతుంది. చలికాలంలో టెక్కలి, నౌపడ వైపు వెళ్తే తేలినీలాపురం పక్షులు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల మీదే కనిపిస్తాయి, మూడేళ్ల పిల్లకి దుర్భిణి అక్కర్లేదు. శాలిహుండం కొండ అందమైనదే, ఎత్తుకుని ఎక్కే ఓపిక ఉంటేనే. ఇవేవీ కుదరని రోజు ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌కి ప్లాట్‌ఫాం టికెట్ కొనుక్కుని వెళ్లండి, రెండు రైళ్లు చూపించి తీసుకురండి. చెయ్యి వదలకండి.

ఏడో అడుగు: తేడా కనిపిస్తే

ఆటస్థలంలో పక్కపిల్లలతో పోల్చుకుని దిగులుపడటం అందరూ చేసే పనే. కొన్ని మాత్రం దిగులుతో వదిలేయకూడదు: అయిదు నెలలకీ మెడ నిలవకపోవడం, పెద్ద చప్పుడుకి ఉలిక్కిపడకపోవడం, ఏడాదికీ పేరు పిలిస్తే తిరగకపోవడం, ఏడాదిన్నరకీ నడవకపోవడం, రెండేళ్లకీ రెండు మాటలు కలిపి అనకపోవడం, వచ్చిన మాటలు పోవడం. "వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే మాట్లాడేడు" అనే మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. విని, అయినా చూపించండి. అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు వచ్చే బాల స్వాస్థ్య వైద్యబృందం పరీక్షించి, అవసరమైతే జిల్లాలోని డీఈఐసీకి, అంటే పిల్లల ఎదుగుదల లోపాల్ని ముందే పట్టి చికిత్స చేసే ప్రభుత్వ కేంద్రానికి, పంపుతుంది. వినికిడి, చూపు, నడక, మాట, అన్నిటికీ అక్కడ చికిత్స ఉచితం. బృందం వచ్చేదాకా ఆగలేకపోతే, మనం ఇప్పటికీ రిమ్స్ అనే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో పిల్లల విభాగం ఓపీకి నేరుగా వెళ్లండి. పొద్దున్నే చేరుకుంటే మంచిది, పిల్ల ఆకలికి పాలూ తిండీ వెంట ఉండాలి.

విరేచనాలైతే ఓఆర్‌ఎస్‌తోపాటు జింక్ కూడా ఆశా దగ్గర దొరుకుతుంది, విరేచనాలు తగ్గినా 14 రోజులు వేయాలి. తల్లిపాలు ఆపొద్దు. కళ్లు లోతుకి పోయినా, ఆరు గంటలు మూత్రం పోయకపోయినా, తాగిందంతా కక్కుకుంటున్నా ఇంటి వైద్యం అక్కడితో ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. మూడు నెలలలోపు బిడ్డకి 100.4 డిగ్రీల జ్వరం ఉంటే తెల్లారేదాకా ఆగకూడదు. ఫిట్స్ వచ్చినా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు పట్టలేకపోతున్నా 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో కాన్పయ్యాక తల్లీబిడ్డల్ని ఇంటికి దించే వాహనం 102, రెండూ వేరు. ఫోన్ చేసేటప్పుడు ఇంటి నంబరు చెబితే ఎవరికీ అర్థం కాదు, దగ్గరున్న గుడో, బడో, కూడలో చెప్పి, ఇంట్లో ఒకరిని ముందే రోడ్డు మీదికి పంపండి. టీకా కార్డు, వాడుతున్న మందు సీసా, రెండు జతల బట్టలు, తువ్వాలు ఒక సంచిలో తలుపు వెనకాల తగిలించి ఉంచండి.